అవ్వ చేతి మీద పేరు

మా అవ్వ ఎడమ ముంజేతి మీద నాలుగక్షరాల పచ్చబొట్టు ఉండేది. అలివేలు. నేను మొదట దిద్దిన 'అ' పలక మీద కాదు, ఆ చేతి మీదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక రాయపురం ఇంటి నడవలో ఆమె కొంగు పరుచుకుని పడుకుంటే, పక్కన చేరి చూపుడువేలితో ఆ ఆకుపచ్చ గీతల వెంట పోయేవాణ్ణి. 'వే' మీది ఏత్వం చెదిరి మసకబారింది. 'లు' కొమ్ము మాత్రం మణికట్టు దాకా సాగి ఉండేది. చర్మం ముడతలు పడేకొద్దీ అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి జరిగాయి. చర్మాన్ని కొంచెం సాగదీసి పట్టుకుంటే మళ్ళీ విడివిడిగా కనబడేవి. "గిచ్చబాకరా" అనేది కళ్ళు తెరవకుండానే.

ఆమెకు చదువు రాదు. సూళ్ళూరుపేట చెంగాళమ్మ తిరణాలలో వేయించిన పచ్చబొట్టు అది. అంత జనంలో పిల్ల తప్పిపోతే ఎవరో ఒకరు చదివి తెచ్చి అప్పజెప్తారని, మా ముత్తాత అక్షరాలొచ్చినవాణ్ణి పట్టుకుని బొగ్గుముక్కతో చేతి మీద రాయించి, దాని మీద సూదితో పొడిపించాడంట. అప్పటికి ఆమెకు ఏడేళ్ళు. ఏడవకుండా రెండో చేతిలో మిఠాయి ఉండ పెట్టారంట. ఆ ఉండ రుచి గుర్తుంది గానీ సూది నొప్పి గుర్తు లేదని చెప్పేది.

మేముండింది ఏడు పోర్షన్ల కాంపౌండు. మధ్యలో బావి, బావి పక్కన బట్టలుతికే రాయి. రెండు పోర్షన్లు మావి, మిగతావన్నీ తమిళులవి. వాళ్ళ మగవాళ్ళ పేర్లన్నీ 'న్' దగ్గర ఆగేవి. రామన్, కృష్ణన్, మురుగన్. మా ఇంట్లో పేర్లు అలా ఉండేవి కాదు. పెదనాయన మస్తానయ్య, నాయన శ్రీరాములు, చిన్నాయన పెంచలయ్య, అత్త కుప్పమ్మ. నా పేరు తిరుమల. బడిలో ఎస్. తిరుమల. ఆ ఎస్ నాయన పేరుది. ఇంటిపేరుకు అక్కడి రిజిస్టర్లో చోటు లేదు, అందుకని అది మద్రాసు వచ్చిన మొదటి తరంతోనే కాగితాల మీద నుంచి జారిపోయింది. ఊరికి పోయినప్పుడు ముసలివాళ్ళు "మీ ఇంటిపేరేందిరా" అని అడిగితే ఒక క్షణం తడుముకోవాల్సి వచ్చేది. ఆ తడుముకోవడం ఇప్పటికీ నాకు ముల్లులా గుర్తుంది.

పెదనాయన పేరు విని కాంపౌండులోకి కొత్తగా వచ్చినవాళ్ళు రంజాన్‌కు సేమ్యా పాయసం కోసం చూసేవాళ్ళు. తీరా చూస్తే ఆయన నుదుట నిలువు నామం. నెల్లూరు దగ్గర కసుమూరు దర్గాలో మస్తాన్ వలీకి మొక్కుకుంటే పుట్టినవాడు. మా నెల్లూరు జిల్లాలోనూ, గుంటూరు వైపూ మస్తానయ్యలు, మస్తానమ్మలు, మస్తాన్‌రావులు ఇంటికొకరు. హిందువుల ఇంట్లో ఆ పేరేంటని అక్కడ ఎవరూ అడగరు. మొక్కు ఎక్కడ తీరితే పేరు అక్కడిది. చిన్నాయనది పెంచలకోన మొక్కు. అక్కడి నరసింహస్వామి పెనుశిల స్వామి, అంటే పెద్ద రాతి మీద వెలసినవాడు. ఆ పెనుశిల జనం నోళ్ళలో నలిగి పెంచల అయింది. మద్రాసులో చిన్నాయనతో పనిచేసేవాళ్ళకు ఆ 'ల' తర్వాత 'అయ్య' పలకడం బరువై "పెంచల్" అని పిలిచేవాళ్ళు. ఆయన దానికి పలికేవాడు గానీ, ఇంటికొచ్చాక అవ్వ "పెంచలయ్యా" అని పూర్తిగా పిలిస్తే ముఖం విప్పారేది.

కుప్పమ్మత్త సంగతి వేరు. ఆమె తన పేరంటే చిన్నబుచ్చుకునేది. పెళ్ళయి పక్క వీధికే వెళ్ళిన మనిషి, అక్కడి తమిళపు ఆడవాళ్ళు ఆ పేరు విని కొంగు అడ్డుపెట్టుకునేవాళ్ళు. తమిళంలో కుప్పై అంటే చెత్త. అది ఒకరోజు తానుగా తేలిపోయింది. కాశిమేడు నుంచి చేపల తట్ట తెచ్చే ముసలామె ఒకతె ఉండేది. వంజరం ముక్క బేరమాడుతూ అత్త ఆమె పేరడిగింది. "కుప్పమ్మాళ్." ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమెకు ముందు ముగ్గురు పోయారు, నాలుగో బిడ్డ ఈమె. అవ్వకూ ఇద్దరు పోయాకే కుప్పమ్మత్త. పుట్టగానే చేటలో పెట్టి చెత్తకుప్ప మీద పడుకోబెట్టారు. పొరుగావిడ దారిన పోతున్నట్టు వచ్చి ఎత్తుకుని, దోసెడు తవుడుకు అవ్వకే తిరిగి అమ్మింది. ఈ బిడ్డ మాకు పుట్టింది కాదు, కుప్ప మీద దొరికింది, దీన్ని తీసుకుపోవద్దని మృత్యువుకు చెప్పే మాట అది. మన వైపు పెంటయ్యలు, పెంటమ్మలు, తవిటయ్యలు, తెలంగాణలో భిక్షమయ్యలు, తమిళంలో పిచ్చైముత్తులు, కుప్పుసాములు అందరిదీ ఇదే కథ. పిచ్చై అంటే భిక్షే. ఆ తర్వాత అత్త తన పేరును ఎప్పుడూ దాచుకోలేదు. చేపలామె మాత్రం ఒక ముక్క ఎక్కువే వేసేది.

ఈ పేర్ల పిచ్చి నాకు నాయన నుంచి వచ్చింది. ఆయన జార్జిటౌన్‌లో ఒక చిన్న తెలుగు ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాలు ఏరి స్టిక్కులో పేర్చి పేర్చి ఆయన బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగానే ఉండేది. పెళ్ళిళ్ళ సీజన్‌లో ప్రెస్సంతా పత్రికలే. 'వెంకట' అనే మూడక్షరాలు వేళకు దొరకవని, ముందే కొన్ని జతలు కూర్చి దారం కట్టి ఒక అరలో వేరుగా పెట్టుకునేవాడు. వెంకటయ్య, వెంకటరత్నం, వెంకటసుబ్బయ్య, వెంకటరమణమ్మ, ఏదొచ్చినా ఆ కట్ట తీసి ముందు పెట్టి, తోక తర్వాత తగిలించేవాడు. అప్పుడప్పుడు ప్రూఫు కాగితాలు ఇంటికి తెచ్చేవాడు. పైవరసలో తాతముత్తాతల పేర్లు, కింద వధూవరుల పేర్లు, మధ్యలో మూడంగుళాల కాగితం. ఒకసారి పైన లచ్చమ్మ, కింద శ్రీలక్ష్మి. "చూడు, మళ్ళీ ఆ పేరే, ఉతికి ఇస్త్రీ చేసినట్టు" అన్నాడు. లచ్చి అన్నది లక్ష్మిని పలకలేక పాడుచేసిన మాట కాదని, ప్రాకృతంలోనే లచ్ఛి అని ఉందని ఆయన చెప్పాకే నాకు తెలిసింది. మన కన్నయ్యా తమిళుల కణ్ణన్ కూడా ప్రాకృతంలోని కణ్హ పిల్లలే. తిక్కన, కేతన, మారన, పోతన, వేమన, పెద్దన, వీటన్నిటి చివరా ఉన్నది అన్న. ఇంట్లో పెద్దవాణ్ణి పిలిచినట్టు పిలిచిన పేర్లే కవుల పేర్లయ్యాయి.

మా కాంపౌండులో సుబ్రమణియన్ అనే అబ్బాయి ఉండేవాడు. వాణ్ణి అందరూ మణి అనేవాళ్ళు. నాయన ప్రెస్సు యజమాని సుబ్బరాయుడు. ఇద్దరిదీ ఒకే స్వామి పేరని నాకు చాలాకాలం తట్టలేదు. మనవాళ్ళు తల పట్టుకున్నారు, వాళ్ళు తోక పట్టుకున్నారు.

నాయన పేరులోని 'లు' కూడా అలాగే ఇరుగుపొరుగు వాళ్ళకు వింత. పక్క పోర్షన్‌లో ఉండే రిటైరైన తమిళ వాద్యార్, అంటే బడిపంతులు, ఒకరోజు నాయన్ని నిజంగానే అడిగారు. "శ్రీరాముడు ఒక్కడే కదా, మీ తెలుగువాళ్ళకు ఎంతమంది?" నాయన చెప్పాడు: "రాముడు అంటే చనువయ్యా, పక్కనున్నవాణ్ణి పిలిచినట్టు. రాములు అంటే వారు అన్నట్టు. మర్యాద." వెంకటేశ్వర్లు, శ్రీనివాసులు, గోవిందరాజులు, నరసింహులు, వరదరాజులు, ఇవన్నీ చేతులు జోడించి పలికిన పేర్లు. మద్రాసులో ఏ మగవాడి పేరు చివర 'లు' వినబడినా, వాళ్ళ ఇంట్లో తెలుగు పోయి మూడు తరాలైనా సరే, వెనక ఎక్కడో తెలుగు ఊరు ఒకటి ఉన్నట్టు లెక్క.

1983లో తాత పోయాడు. అవ్వకు రావలసిన పింఛను కోసం నాయన కాగితాలు కట్టాడు. నేనప్పుడు ఎనిమిదో తరగతి, తోడుగా వెళ్ళాను. తాత సర్వీసు పుస్తకంలో భార్య పేరు అలివేలమ్మ. రేషన్ కార్డు మీద తమిళంలో అలమేలు. కార్డు రాసినాయన తనకు తెలిసిన పేరు రాసుకున్నాడు. ఇన్నేళ్ళూ చక్కెర, కిరసనాయిలు ఆ పేరు మీదే వచ్చాయి గనక ఎవరూ పట్టించుకోలేదు. గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఇవి ఇద్దరు మనుషుల పేర్లు అన్నాడు.

అవ్వ ఒక్క మాట అనలేదు. గాజులు పైకి తోసి, ముంజెయ్యి తిప్పి బల్ల మీద పెట్టింది. తప్పిపోతే ఎవరైనా చదువుతారని తండ్రి రాయించిన పేరు. గుమాస్తా కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. తెలుగు రాదు పాపం. "ఇదేంటమ్మా, పూలతీగా?" అన్నాడు.

తర్వాత భర్త పేరు చెప్పమన్నాడు. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. ఆయన మళ్ళీ అడిగాడు. అవ్వ నా భుజం పట్టుకుని ముందుకు తోసింది. "వీడి పేరే."

"నీ పేరేంటి బాబూ?"

"తిరుమల."

ఆయన పుస్తకం తిప్పి, తిమ్మయ్య అని రాసి ఉన్న చోట వేలు పెట్టి నాయన వైపు చూశాడు. రెండో తేడా కూడా దొరికింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను నాయన్ని అడిగాను, నాది తాత పేరా అని. అప్పటిదాకా నాకు ఒక దిగులు ఉండేది. పెదనాయన కొడుక్కి వాళ్ళ అమ్మమ్మ వైపు తాత పేరు పెట్టారు, నాకెందుకో ఎవరి పేరూ పెట్టలేదనుకునేవాణ్ణి. "మరెవురిది?" అన్నాడు నాయన, అది కూడా తెలీదా అన్నట్టు. తిరుమలప్పే తిమ్మప్ప. కన్నడం వాళ్ళు ఈనాటికీ మన వెంకన్నను తిరుపతి తిమ్మప్ప అనే పిలుస్తారు. అన్నమయ్య భార్య తిమ్మక్క, ఆమెనే తిరుమలమ్మ అని కూడా అన్నారు. తిమ్మరుసులో ఉన్నదీ, తిమ్మనలో ఉన్నదీ ఆ కొండే. "మీ తాత పేరు పాతగా ఉందని మీ అమ్మ అనింది. సరే, పేరు మార్చకుండా కొత్తది పెడదామని తిరుమల అని పెట్టినా."

కిటికీ వైపు కూర్చున్న అవ్వ వింటూనే ఉంది. అప్పుడు నాకు ఒకటొకటిగా తెలిసొచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆమె నన్ను ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదు. "అబ్బోడా" అనేది, "నాయనా" అనేది, కోపమొస్తే "ఒరే వీడా" అనేది. తిరుమలకు పోదామని ఎప్పుడూ అనలేదు, "కొండకు పోవాల" అనేది. మనవాళ్ళు చాలామంది కొండ అనే అంటారు కాబట్టి అందులో విశేషం ఉందని నాకు తోచలేదు. అక్షరం ముక్క రాని మనిషికి తిమ్మయ్యా తిరుమలా ఒకటేనని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ పేరు ఏ రూపంలో ఎదురొచ్చినా గుర్తుపట్టి, నోటి దాకా రానివ్వకుండా పక్కకు తప్పుకుంటూ అన్నేళ్ళు బతికింది.

ఆ సాయంత్రం తమిళ వాద్యార్‌కు జరిగింది చెప్పాం. ఆయన అలమేలు అన్న మాట వినగానే అరుగు మీద నిటారుగా కూర్చుని, వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారు పాడిన తిరువాయ్‌మొళి నుంచి ఒక పాదం చదివారు. "అగలగిల్లేన్ ఇఱైయుమ్ ఎన్ఱు అలర్మేల్ మంగై ఉఱై మార్బా." క్షణమైనా విడిచి ఉండలేనని అలర్మేల్ మంగ నివసించే వక్షం గలవాడా అని వేంకటేశ్వరుణ్ణి పిలవడం. అలర్ అంటే పువ్వు. మేల్ అంటే మీద. మంగై అంటే ఆడపడుచు. పువ్వు మీద కూర్చున్న తల్లి. ఆ అలర్మేల్ తెలుగులోకి వచ్చి అలమేలు అయింది, పల్లెల్లో ఇంకొంచెం మెత్తబడి అలివేలు అయింది. మంగై మంగమ్మ అయింది. తాయార్ అంటే తమిళంలో అమ్మవారు, అది మనకు తాయారమ్మ, మంగతాయారు. నాచ్చియార్ మన దగ్గర నాంచారమ్మ, నాంచారయ్య. మా అవ్వ పుట్టింటి వైపు సగం ఆడవాళ్ళ పేర్లు తమిళ మాటలని అప్పుడు తెలిసింది, అదీ తమిళనాడుకు వచ్చి నలభై ఏళ్ళయ్యాక.

నాయన ఇవన్నీ ఆమెకు తెలుగులో చెప్పాడు. పువ్వు దగ్గరకొచ్చేసరికి అవ్వ తన చెయ్యి వైపు చూసుకుంది. "పొద్దున ఆయన కూడా పూలనే అన్న్యాడు" అంది.

వాద్యార్ నా వైపు తిరిగి, తమిళంలో మనవణ్ణి ఏమంటారో చెప్పమన్నారు. పేరన్ అన్నాను. "పేర్ అంటే?" పేరే. తాత పేరు మోసేవాడు పేరన్. రోజూ వాడే మాట, ఎప్పుడూ విప్పి చూడలేదు.

పింఛను కోసం చివరికి స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించాల్సి వచ్చింది. అలమేలు అలియాస్ అలివేలమ్మ, ఇద్దరూ ఒకరే అని. నోటరీ చదివి వినిపిస్తుంటే అవ్వ నాయన్ని గిల్లి, "అలియాసు అంటే ఎవుర్రా?" అని అడిగింది. "అదీ నువ్వేమ్మా" అన్నాడు. వేలిముద్ర వేసింది. డబ్బు చేతికి రావడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది.

ఆ తర్వాత చాలాకాలం వాద్యార్‌కూ నాయనకూ సాయంత్రాలు పేర్లతోనే గడిచాయి. వడవేంగడం తెన్‌కుమరి అని ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం పాయిరం (ముందుమాట) మొదలవుతుందని, తమిళ నేలకు ఉత్తరాన హద్దు మన వెంకన్న కొండేనని వాద్యార్ చెబితే, ఆ వేంగడమే మన వేంకటం, తిరువేంగళం అని, అన్నమయ్య మనవడు తిరువేంగళనాథుడని, వెంగళరావులూ వెంగమాంబలూ ఆ కొండ దిగి వచ్చినవాళ్ళేనని నాయన బదులు చెప్పేవాడు. హద్దు మీద నిలబడ్డ కొండ గనక అటూ ఇటూ రెండు భాషల్లోనూ పిల్లలకు పేర్లు పంచింది.

1996లో మద్రాసును చెన్నై చేశారు. నాయన పేపరు మడిచి పక్కన పెట్టి, 1639 సంగతి ఎత్తాడు. ఆ ఏడు కోట కట్టుకోవడానికి ఇంగ్లీషువాళ్ళకు నేల ఇచ్చినవాడు దామర్ల వెంకటప్ప నాయకుడు. మధ్యలో ఉండి ఆ వ్యవహారం నడిపిన దుబాసీ, అంటే రెండు భాషల మధ్య మాట్లాడిపెట్టేవాడు, బేరి తిమ్మప్ప. వెంకటప్ప, తిమ్మప్ప, ఇద్దరూ ఒకే కొండ పేరు మోసినవాళ్ళు. కొత్త పట్నానికి దామర్లవాళ్ళు తమ తండ్రి చెన్నప్ప పేరు పెట్టించారని చరిత్రలో చెబుతారు. చెన్ను అంటే అందం. చెన్నయ్య, చెన్నమ్మ, చెన్నారెడ్డి, చెన్నకేశవులు, మన ఊళ్ళలో పిలిస్తే పదిమంది పలికే పేరు. ఒక కొడుకు తండ్రి పేరు నిలబెట్టుకోవడానికి పెట్టిన పేరును ఇప్పుడు ఇన్ని లక్షల మంది రోజూ పలుకుతున్నారు. నాయన ఆ రోజంతా ఎందుకో చాలా సంతోషంగా ఉన్నాడు.

ఆ ఏడాదే తమిళుల పంగుని నెల ఉత్సవానికి అవ్వను మైలాపూర్ కపాలీశ్వరుడి గుడికి తీసుకెళ్ళాను. జనం ఒత్తిడికి ఆమె అలసిపోయింది. ఆటో దొరికేదాకా నీడ పట్టున నడుద్దామని పక్క వీధుల్లోకి మళ్ళాం. ఒక మలుపులో వీధి బోర్డు చూసి ఆగిపోయాను. అలమేలుమంగాపురం. తిరుచానూరుకు ఆ పేరుందని తెలుసు గానీ మద్రాసులో కూడా ఉందని నాకు తెలీదు.

"ఏందిరా ఆడ నిలబడిపోయినావు?"

"అవ్వా, ఇది నీ పేరు. ఈ ఊరు నీ పేరున ఉండాది."

నమ్మలేదు. చదవమంది. తమిళ అక్షరాలు ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ చదివాను. అ, ల, మే, లు. ఆమె ఎడమ చెయ్యి చాచి, పచ్చబొట్టు పైకి తిప్పి, బోర్డునూ చేతినీ మార్చి మార్చి చూసింది. అక్షరాలు ఎక్కడా కలవలేదు. చివరికి నేను చూపించిన మొదటి 'అ' దగ్గర, రెండు చోట్లా ఉన్న సున్న లాంటి చుట్ట ఒకటి పోల్చుకుంది. "ఇది అదేరా" అంది. తొంభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, చిన్నపిల్లలా.

"ఎంత పెద్దగా రాసుండారో" అంది కాసేపటికి. తర్వాత గొంతు తగ్గించి, "మీ తాత పేరున ఏమన్నా ఉండాదా ఊరు?" అని అడిగింది.

"ఊరేంటవ్వా, కొండే ఉంటే. ఏ కొండో చెప్పు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చెప్పలేదు. "ఆటో వస్తాండాది చూడు అబ్బోడా" అంది.